గల్ఫ్ మీదుగా అమెరికాకు: మధ్యలో విమానం మారేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్ నుంచి పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లే అమ్మానాన్నలు, ఎంఎస్ చదవడానికి మొదటిసారి విమానం ఎక్కే పిల్లలు చాలామంది దుబాయ్‌లోనో దోహాలోనో అబుదాబిలోనో విమానం మారతారు. ఆ మారడం గురించి ఎక్కువగా వచ్చే ప్రశ్నలు ఇవి. టికెట్ కొనేది ఒకరు, ప్రయాణం చేసేది ఇంకొకరు కాబట్టి కొన్ని జవాబులు పిల్లలకి, కొన్ని పెద్దవాళ్లకి. వీసా, బ్యాగేజ్ నియమాలు మారుతుంటాయి. బయల్దేరే వారంలో ఎయిర్‌లైన్ వెబ్‌సైట్ ఒకసారి చూసుకోండి.

టికెట్ కొనేటప్పుడు మధ్యలో ఎంత సమయం ఉండాలి?

ఎయిర్‌లైన్ అయితే గంటంబావు, గంటన్నర తేడా ఉన్న టికెట్ కూడా అమ్ముతుంది. ఆ ఎయిర్‌పోర్టులో మారడానికి కనీసం ఇంత చాలు అని వాళ్లకి ఒక లెక్క ఉంటుంది. పరుగెత్తగలిగే పాతికేళ్ల కుర్రాడికి అది సరిపోవచ్చు. మోకాళ్ల నొప్పులున్న అమ్మకు సరిపోదు. హైదరాబాద్‌లో విమానం ఒక అరగంట ఆలస్యమైతే మిగిలే సమయంలోనే దిగడం, మళ్లీ సెక్యూరిటీ, బాత్రూమ్, గేట్ వరకు నడక అన్నీ అవ్వాలి. పెద్దవాళ్లకి మూడు నుంచి నాలుగు గంటలు ఉండేలా చూడండి. అబుదాబి అయితే ఇంకాస్త ఎక్కువున్నా మంచిదే, కారణం కింద చెప్తాను. ఎనిమిది గంటలు దాటితే మాత్రం కుర్చీల్లో కూర్చోలేక అలసిపోతారు. రెండు మూడు వేలు మిగులుతాయని అమ్మానాన్నలకి గంటన్నర లేఓవర్ తీసుకోవడం నాకు అస్సలు నచ్చదు. ఈ ప్రయాణంలో వచ్చే టెన్షన్‌లో సగం టికెట్ కొన్న రోజే ఖాయమైపోతుంది.

రెండు టికెట్లు విడివిడిగా కొంటే చవగ్గా వస్తోంది. కొనచ్చా?

పెద్దవాళ్లకి వద్దు. అన్ని విమానాలూ ఒకే పీఎన్‌ఆర్ మీద ఉంటే మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోయినా ఇంకో విమానంలో ఎక్కించే బాధ్యత ఎయిర్‌లైన్‌ది. విడివిడి టికెట్లయితే రెండో ఎయిర్‌లైన్ దృష్టిలో మీరు సమయానికి రాని ప్రయాణికులు, అంతే. పైగా బ్యాగులు చివరిదాకా వెళ్లకపోవచ్చు. అప్పుడు మధ్య దేశంలో ఇమ్మిగ్రేషన్ దాటి బయటికొచ్చి, బ్యాగులు తీసుకుని, మళ్లీ చెక్-ఇన్ చేయాలి. దానికి ఆ దేశంలోకి వెళ్లే అనుమతి ఉండాలి.

విశాఖ, తిరుపతి, రాజమండ్రి వైపు వాళ్లు హైదరాబాద్ వరకు వేరే టికెట్ తీసుకోవడం మామూలే. అలా తీసుకుంటే ముందురోజే హైదరాబాద్ చేరి చుట్టాలింట్లో పడుకోండి. అదే రోజు సాయంత్రం విమానాన్ని నమ్ముకోవద్దు.

టికెట్ మీద 15వ తేదీ 03:30 అని ఉంది. ఎయిర్‌పోర్టుకి ఎప్పుడు వెళ్లాలి?

14వ తేదీ రాత్రి భోజనం చేసి బయల్దేరాలి. అర్ధరాత్రి 12 దాటగానే తేదీ మారుతుంది. 15వ తేదీ రాత్రి వెళ్తే విమానం వెళ్లిపోయి దాదాపు రోజవుతుంది. గల్ఫ్ విమానాలు చాలావరకు తెల్లవారుజామునే ఉంటాయి కాబట్టి ఈ పొరపాటు జరగడానికి అవకాశం ఎక్కువ. ఇంట్లో క్యాలెండర్ మీద 14వ తేదీ గడిలోనే "రాత్రి ప్రయాణం" అని రాసి పెట్టండి.

పెద్ద బ్యాగులు దుబాయ్‌లో తీసుకోవాలా?

ఒకే టికెట్ అయితే అక్కర్లేదు. హైదరాబాద్‌లో అప్పగించిన బ్యాగులు ఒక విమానం నుంచి ఇంకో విమానానికి వాటంతట అవే వెళ్తాయి. కానీ దీన్ని హైదరాబాద్ కౌంటర్ దగ్గరే ఖాయం చేసుకోవాలి. బ్యాగుకి కట్టే పొడుగు ట్యాగ్ మీద చివరి ఎయిర్‌పోర్టు మూడక్షరాల కోడ్ ఉంటుంది. డాలస్ అయితే డీఎఫ్‌డబ్ల్యూ, దుబాయ్ అయితే డీఎక్స్‌బీ. మీరు డాలస్ వెళ్తుంటే ట్యాగ్ మీద డీఎఫ్‌డబ్ల్యూ కనిపించాలి. డీఎక్స్‌బీ మాత్రమే ఉంటే కౌంటర్ దాటకముందే అడగండి. ట్యాగ్ చిన్న ముక్కలు బోర్డింగ్ పాస్ వెనకో పాస్‌పోర్టు వెనకో అంటిస్తారు. ఇల్లు చేరేదాకా వాటిని పారేయొద్దు. బ్యాగుల ఫొటో, ట్యాగుల ఫొటో తీసి వాట్సాప్‌లో పిల్లలకి పంపిస్తే ఇంకా మంచిది.

అమెరికాలో దిగాక కూడా ఇంకో విమానం ఉంటే లెక్క వేరు. అది కింద ఉంది.

రెండు బోర్డింగ్ పాసులిచ్చారు. రెండో దాని మీద గేట్ నంబర్ లేదు. ఏమైనా తేడానా?

ఏమీ లేదు. గేట్ ఆ తర్వాతే ఖాయమవుతుంది. దిగాక పెద్ద స్క్రీన్ల మీద మీ విమానం నంబర్ వెతకండి. ఊరి పేరు చూస్తే సరిపోదు, ఒకే ఊరికి ఒకటికి మించి విమానాలు ఉండొచ్చు. విమానం నంబరే గుర్తు. గేట్ దగ్గర కూర్చున్నా అరగంటకోసారి స్క్రీన్ చూస్తూ ఉండండి, ఎందుకంటే బస్టాండ్‌లో చివరి నిమిషంలో బస్సు ప్లాట్‌ఫారం మారినట్టే ఇక్కడ గేట్ మారిపోతుంది. చాలా పెద్ద ఎయిర్‌పోర్టుల్లో ప్రతి విమానానికీ మైకులో పిలవరు. పేరు పెట్టి పిలుస్తారులే అని కూర్చుంటే విమానం వెళ్లిపోతుంది. టికెట్ మీదున్నది విమానం కదిలే సమయం. గేట్ అంతకు ముందే మూసేస్తారు.

దుబాయ్‌లో దిగాక ఎటు వెళ్లాలి?

బోర్డుల మీద "కనెక్షన్స్" లేదా "ట్రాన్స్‌ఫర్స్" అన్న మాట వెతకండి. "అరైవల్స్", "బ్యాగేజ్ క్లెయిమ్" అన్న బాణాల వైపు వెళ్లొద్దు, అవి ఊళ్లోకి వెళ్లేవాళ్లకి. జనం ఎక్కువమంది ఎటు వెళ్తే అటు వెళ్లిపోవడం మనకి అలవాటు. దుబాయ్ విమానంలో చాలామంది అక్కడే పని చేసేవాళ్లు, వాళ్ల వెనక నడిస్తే ఇమ్మిగ్రేషన్ లైన్లో తేలతారు.

కనెక్షన్స్ వైపు వెళ్తే మళ్లీ సెక్యూరిటీ చెకింగ్ ఉంటుంది. హైదరాబాద్‌లో అయింది కదా అని వాదించొద్దు, అందరికీ ఉంటుంది. నీళ్ల బాటిల్ ముందే ఖాళీ చేసుకుంటే లోపల మళ్లీ నింపుకోవచ్చు.

ఎమిరేట్స్ విమానాలు టెర్మినల్ 3 నుంచి నడుస్తాయి. అందులో ఏ, బీ, సీ అని మూడు భాగాలు. గేట్ నంబర్ ముందున్న అక్షరం ఆ భాగాన్ని చెప్తుంది. ఏ భాగానికి లోపలే నడిచే చిన్న రైలు ఉంది, టికెట్ అక్కర్లేదు. ఫ్లైదుబాయ్‌లో వచ్చి ఎమిరేట్స్ ఎక్కేవాళ్లు మాత్రం జాగ్రత్త. ఫ్లైదుబాయ్ ఎక్కువగా వాడే టెర్మినల్ 2 రన్‌వేకి అవతల ఉంటుంది. అక్కడ దిగితే ఎయిర్‌పోర్టు బస్సులో టెర్మినల్ 3కి తీసుకొస్తారు. ఆ బస్సు కోసం ఆగడానికీ సమయం పడుతుంది, టికెట్ కొనేటప్పుడే అది లెక్కలో వేసుకోండి.

దోహా సులువా?

పెద్దవాళ్లకి దోహా కాస్త సులువనే నా అభిప్రాయం. హమద్ ఎయిర్‌పోర్టులో అంతా ఒకే టెర్మినల్, గందరగోళం తక్కువ. మధ్యలో తల మీద దీపం పెట్టుకున్న పెద్ద పసుపు రంగు ఎలుగుబంటి బొమ్మ ఉంటుంది. ఏడు మీటర్ల ఎత్తు, చూడకుండా దాటలేరు. ఇద్దరు ప్రయాణిస్తుంటే "తప్పిపోతే ఎలుగుబంటి దగ్గర కలుద్దాం" అని ముందే అనుకోండి. అమెరికా విమానాలకి గేట్ దగ్గర ఇంకోసారి చెకింగ్, ప్రశ్నలు ఉంటాయి. అందుకని గేట్‌కి తొందరగా చేరండి.

అబుదాబిలోనే అమెరికా ఇమ్మిగ్రేషన్ అయిపోతుందంటారు, నిజమేనా?

నిజమే. అమెరికా అధికారులే అబుదాబిలో కూర్చుని పాస్‌పోర్టు, వీసా, కస్టమ్స్ అన్నీ చూస్తారు. 2014 నుంచి ఈ ఏర్పాటు ఉంది. అది దాటినవాళ్లు అమెరికాలో దిగినప్పుడు లోకల్ విమానంలో వచ్చినవాళ్లలాగే బయటికి వెళ్లిపోవచ్చు. పదిహేను గంటలు కూర్చుని వచ్చాక ఇమ్మిగ్రేషన్ లైన్లో నిలబడాల్సిన పని ఉండదు. దుబాయ్, దోహాలలో ఇది లేదు.

దీనివల్లే అక్కడ ఎక్కువ సమయం కావాలి. రెండుసార్లు సెక్యూరిటీ, తర్వాత ఇమ్మిగ్రేషన్ లైను. ఒకేసారి రెండు మూడు అమెరికా విమానాలు ఉంటే లైను బారుగా ఉంటుంది. షాపులు చూడటం తర్వాత, ముందు లైను. ఆ అధికారులకి చూపించాల్సిన కాగితాలు చేతి బ్యాగులోనే ఉండాలని వేరే చెప్పక్కర్లేదు.

టైమ్ తేడాతో తికమక పడుతున్నాం.

దుబాయ్, అబుదాబి మనకంటే గంటన్నర వెనక. దోహా రెండున్నర గంటలు వెనక. మన గడియారంలో ఉదయం 7:30 అయితే దుబాయ్‌లో 6:00, దోహాలో 5:00. టికెట్ మీద ప్రతి సమయమూ ఆ ఊరి సమయమే. సిగ్నల్ దొరక్కపోతే ఫోన్ మన టైమే చూపిస్తూ ఉండొచ్చు, అందుకని ఎయిర్‌పోర్టు స్క్రీన్ మీది టైమ్‌నే నమ్మండి.

దుబాయ్‌లో వాట్సాప్ కాల్ కలవడం లేదు, ఏం చేయాలి?

కంగారు పడొద్దు. దుబాయ్, అబుదాబి ఉన్న యూఏఈ దేశంలో వాట్సాప్ వాయిస్, వీడియో కాల్స్ మీద ఆంక్షలున్నాయి. మెసేజ్‌లు, ఫొటోలు, వాయిస్ మెసేజ్‌లు వెళ్తాయి. ఎయిర్‌పోర్టు వైఫై ఉచితం. "దిగాం, గేట్ దగ్గరున్నాం" అని వాయిస్ మెసేజ్ పెట్టేస్తే చాలు. ఇంట్లో వాళ్లకి కూడా ఈ సంగతి ముందే చెప్పి ఉంచండి. ఫోన్ కలవకపోతే ఎక్కువ భయపడేది ప్రయాణం చేసేవాళ్లు కాదు, అవతల డాలస్‌లో నిద్రలేకుండా కూర్చున్న కూతురు.

ఛార్జింగ్ పెట్టుకోవడానికి అక్కడి ప్లగ్గులు ఇంగ్లండ్ పద్ధతి, చదరపు కాళ్లవి. అడాప్టర్ ఉంచుకోండి. పవర్ బ్యాంక్ ఎప్పుడూ చేతి బ్యాగులోనే ఉండాలి. ఎమిరేట్స్ 2025 అక్టోబర్ నుంచి విమానంలో పవర్ బ్యాంక్ వాడటాన్నే ఆపేసింది, ఉంచుకోనిస్తారు కానీ వాడనివ్వరు.

ఇంగ్లీషు రాదు. ఒక్కరే వెళ్లగలరా?

వెళ్లగలరు, ఏటా ఎంతోమంది వెళ్తున్నారు. గల్ఫ్ ఎయిర్‌పోర్టుల్లో హిందీ తెలిసిన సిబ్బంది అడుగడుగునా ఉంటారు, తెలుగువాళ్లూ తగులుతారు. ఒక కాగితం మీద విమానం నంబర్లు, సమయాలు, కొడుకు ఫోన్ నంబర్, చేరాల్సిన ఇంటి అడ్రసు పెద్ద అక్షరాల్లో ఇంగ్లీషులో రాసి చొక్కా జేబులో పెట్టండి. నోట మాట రాకపోయినా ఆ కాగితం చూపిస్తే దారి చెప్తారు.

ఇంకా భయమనిపిస్తే వీల్‌చెయిర్ సాయం ఉంది. బయల్దేరడానికి కనీసం రెండు రోజుల ముందు ఎయిర్‌లైన్‌కి చెప్పి టికెట్‌లో చేర్పించాలి, డబ్బు తీసుకోరు. నడవగలిగినవాళ్లు కూడా భాష కోసం వీల్‌చెయిర్ అడగడం మన దగ్గర బాగా పెరిగింది. నిజంగా నడవలేనివాళ్లు అరగంట ఎక్కువ ఎదురుచూడటానికి అదీ ఒక కారణమే. నడవగలిగితే డబ్బు కట్టి తోడు మనిషిని పెట్టుకునే పద్ధతి ఉంది, దుబాయ్‌లో మర్హబా, దోహాలో అల్ మహా ఆ పనే చేస్తాయి.

వీల్‌చెయిర్ తీసుకుంటే ఒక్క నియమం. "ఇక్కడ కూర్చోండి" అని చెప్పిన చోటు నుంచి కదలొద్దు. బాత్రూమ్‌కి వెళ్లాల్సి వస్తే అక్కడున్న సిబ్బందికి చెప్పి వెళ్లండి. వచ్చిన మనిషికి మీరు కనిపించకపోతే ఇంకొకరి పేరు చూసుకుంటాడు.

పచ్చళ్లు, పొడులు, స్వీట్లు తీసుకెళ్లచ్చా?

ఆవకాయ, గోంగూర, నెయ్యి చేతి బ్యాగులో వద్దు. వాటిని ద్రవాల్లాగే చూస్తారు, 100 మిల్లీలీటర్లు దాటితే తీసేస్తారు. కారప్పొడి, కందిపొడి, ఇడ్లీ పొడి కూడా పెద్ద బ్యాగులోకే. అమెరికా వెళ్లే విమానాల్లో చేతి బ్యాగులో 350 మిల్లీలీటర్లకి మించిన పొడులుంటే 2018 నుంచి అదనపు తనిఖీ చేస్తున్నారు, తేల్చుకోలేకపోతే పడేస్తారు. ఎండు కొబ్బరి మాత్రం పెద్ద బ్యాగులో పెట్టొద్దు. నూనె ఎక్కువుండి అంటుకునే గుణం ఉందని మన దేశంలోనే ఆపేస్తారు.

గసగసాలు. దీన్ని విడిగా చెప్పాలి. యూఏఈలో గసగసాలు నిషిద్ధం, మాదకద్రవ్యాల చట్టం కిందికి వస్తాయి. మనకి మసాలా దినుసు, అక్కడ జైలు కేసు. ఊళ్లోకి వెళ్లడం లేదు కదా అని తేలిగ్గా తీసుకోవద్దు. పొట్లం మాత్రమే కాదు, గసగసాలు వేసి కొట్టిన మసాలా పొడి కూడా గల్ఫ్ మీదుగా తీసుకెళ్లకపోవడమే మంచిది. అత్తగారు ప్రేమగా సర్దిన డబ్బాలో ఏమున్నాయో మీరే విప్పి చూసుకోండి. వేరేవాళ్లు "మా అబ్బాయికి ఇవ్వండి" అని ఇచ్చే కట్టిన పార్సిళ్లు మొహమాటం లేకుండా వద్దనండి.

ఇక అమెరికా వైపు: మాంసం పచ్చళ్లు, బియ్యం, తాజా పండ్లు, కూరగాయలు, పచ్చి కరివేపాకు వద్దు. కరివేపాకు ఆకుల మీద వచ్చే పురుగు నిమ్మజాతి చెట్లకి తెగులు అంటిస్తుందని ఆపుతారు. తిండి పదార్థాలు ఉన్నాయా అని అడిగితే ఉన్నాయనే చెప్పండి. ఉన్నాయని చెప్తే మహా అయితే ఒక పొట్లం తీసేస్తారు. లేవని చెప్పి దొరికితే జరిమానా వేస్తారు.

బీపీ, షుగర్ మందులు ఎక్కడ పెట్టాలి?

చేతి బ్యాగులో, వారం పది రోజులకి సరిపడా. మిగతావి పెద్ద బ్యాగులో. డాక్టర్ చీటీ ఇంగ్లీషులో ఉండాలి, మాత్రలు కొన్న అట్టల్లోనే ఉండాలి. ఇన్సులిన్ పెద్ద బ్యాగులో పెట్టొద్దు, విమానం పొట్టలో గడ్డకట్టే ప్రమాదం ఉంది. ట్రామడాల్, కోడీన్ ఉన్న నొప్పి, దగ్గు మందులు యూఏఈలో నియంత్రిత మందులు. అవి వాడుతుంటే ముందే డాక్టర్‌ని అడిగి బదులు మందు రాయించుకోండి.

బోర్డింగ్ పాస్ మీద ఎస్ అనే అక్షరం నాలుగుసార్లు ఉంది.

అమెరికా విమానానికి అదనపు తనిఖీకి మీ పేరు వచ్చిందన్నమాట. బ్యాగు విప్పి చూస్తారు, పదిహేను ఇరవై నిమిషాలు పడుతుంది. గేట్‌కి ముందే వెళ్లండి.

అమెరికా ఇమ్మిగ్రేషన్‌లో ఏమడుగుతారు?

విజిటర్ వీసా వాళ్లని ఎందుకొచ్చారు, ఎవరి దగ్గర ఉంటారు, ఎన్నాళ్లు ఉంటారు, తిరుగు టికెట్ ఉందా అని అడుగుతారు. అడిగిందానికే జవాబు చెప్పండి. "మనవడు పుట్టాడు, చూడటానికి వచ్చాం, నాలుగు నెలలుంటాం" అంటే సరిపోతుంది. మనవడిని చూసుకోవడానికి వచ్చామని చెప్పేటప్పుడు ఆ మాట ఉద్యోగంలా వినపడకుండా చూసుకోండి. భాష అర్థం కాకపోతే తెలుగు అనువాదకుడు కావాలని అడగొచ్చు. అర్థం కాని ప్రశ్నకి "యస్" అని తలూపడం కంటే అది ఎంతో నయం.

వీసా మీద పదేళ్లు ఉందని పదేళ్లు ఉండొచ్చని కాదు. ఎన్నాళ్లు ఉండాలో అధికారి నిర్ణయిస్తారు, మామూలుగా ఆరు నెలల వరకు ఇస్తారు. అది ఐ-94 అనే రికార్డులో నమోదవుతుంది. ఇంటికి చేరాక పిల్లలు ఆన్‌లైన్‌లో ఆ తేదీ చూసి రాసిపెట్టాలి.

విద్యార్థులు కాలేజీ ఇచ్చే ఐ-20 కాగితం, అడ్మిషన్ లెటర్, డబ్బు కాగితాలు చేతిలో ఉంచుకోవాలి. కోర్సు మొదలయ్యే తేదీకి 30 రోజుల కంటే ముందు ప్రవేశించనివ్వరు. టికెట్ కొనేముందే ఐ-20 మీద తేదీ చూసుకోండి.

కుటుంబం మొత్తం దగ్గర కలిపి 10,000 డాలర్లకి మించి నగదు ఉంటే ప్రకటించాలి. తీసుకెళ్లడం తప్పు కాదు, చెప్పకపోవడం తప్పు.

చికాగోలో దిగి ఇంకో ఊరికి విమానం ఎక్కాలి. బ్యాగులు?

ఇక్కడ మాత్రం తీసుకోవాలి. ట్యాగ్ మీద చివరి ఊరి కోడ్ ఉన్నా సరే, అమెరికాలో మొదట దిగిన ఎయిర్‌పోర్టులో బ్యాగులు బెల్టు మీది నుంచి తీసుకుని కస్టమ్స్ దాటాలి. బయటికి రాగానే కనెక్టింగ్ బ్యాగులు మళ్లీ అప్పగించే చోటు ఉంటుంది, అక్కడ ఇచ్చేయాలి. అబుదాబిలో క్లియర్ అయి వచ్చినవాళ్లకి ఈ పని ఉండదు. తర్వాత మళ్లీ సెక్యూరిటీ. డ్యూటీ ఫ్రీలో కొన్న సెంటు సీసాల్లాంటివి ఉంటే బ్యాగు అప్పగించకముందే అందులో పెట్టేయండి.

చికాగోలో చాలా విదేశీ విమానాలు టెర్మినల్ 5కి వస్తాయి, లోకల్ విమానాలు ఎక్కువగా వేరే టెర్మినళ్ల నుంచి వెళ్తాయి, మధ్యలో రైలు. డాలస్‌లో సెక్యూరిటీ దాటాక లోపలే స్కైలింక్ రైలు టెర్మినళ్లన్నీ తిప్పుతుంది. అమెరికాలో విమానం మారడానికి మూడు గంటలకి తక్కువ పెట్టుకోవద్దు.

కనెక్టింగ్ విమానం తప్పిపోతే?

గేట్ దగ్గర ఏడుస్తూ కూర్చోవద్దు. ట్రాన్స్‌ఫర్ డెస్క్‌కి వెళ్లండి. ఒకే టికెట్ అయితే తర్వాతి విమానంలో సీటు ఇస్తారు. రాత్రి ఆగాల్సి వస్తే భోజనం, హోటల్ గురించి మీరే అడగండి, అడగనివాళ్లకి చాలాసార్లు ఇవ్వరు. ఈలోగా పిల్లలు అటునుంచి ఎయిర్‌లైన్‌కి ఫోన్ చేస్తే పని ఇంకా తొందరగా అవుతుంది. హోటల్ ఇవ్వకపోతే దుబాయ్, దోహా రెండుచోట్లా ఇమ్మిగ్రేషన్ దాటకుండానే ఉండే హోటళ్లున్నాయి, ఖరీదెక్కువ.

యూరప్ మీదుగా వెళ్తే ట్రాన్సిట్ వీసా కావాలా?

దేశాన్ని బట్టి, మీ దగ్గరున్న వీసాని బట్టి. చెల్లుబాటులో ఉన్న అమెరికా వీసా ఉంటే చాలాచోట్ల మినహాయింపు దొరుకుతుంది. చిక్కు వచ్చేది హెచ్-1బీ అనే ఉద్యోగ వీసా వాళ్లకి. పాస్‌పోర్టులో వీసా స్టాంపింగ్ గడువు తీరిపోయి, ఐ-797 అనే అనుమతి కాగితం మీద అమెరికాలో ఉంటూ ఇండియా వచ్చేవాళ్లు లండన్ లేదా యూరప్ మీదుగా టికెట్ కొనేముందు ఆ దేశపు నియమం చూసుకోవాలి. లేకపోతే అమెరికాలో చెక్-ఇన్ కౌంటర్ దగ్గరే ఆపేస్తారు. గల్ఫ్‌లో బయటికి రాకుండా మారేవాళ్లకి ఈ గొడవ లేదు.

దిగాక బ్యాగు రాలేదు.

ఎయిర్‌పోర్టు బయటికి రాకముందే ఎయిర్‌లైన్ బ్యాగేజ్ కౌంటర్‌లో ఫిర్యాదు రాయించి, పీఐఆర్ అనే కాగితం నంబర్ తీసుకోండి. ఇంటికెళ్లి ఫోన్ చేద్దాంలే అనుకుంటే పని జరగదు. మొదట్లో దాచిన ట్యాగ్ ముక్కలు ఇక్కడే పనికొస్తాయి. మాంట్రియల్ ఒప్పందం ప్రకారం బ్యాగు పగిలిపోయినా పాడైనా 7 రోజుల్లో, ఆలస్యంగా వస్తే అది చేతికొచ్చిన 21 రోజుల్లో రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. ఎక్కువసార్లు బ్యాగు తర్వాతి విమానంలో వచ్చేస్తుంది, వాళ్లే ఇంటికి పంపిస్తారు. ఈలోగా కొన్న బట్టలు, సబ్బుల బిల్లులు ఉంచుకుంటే ఆ డబ్బు అడగొచ్చు.